పిల్లల వంత



బుర్రకథ చూసినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. వేదిక మీద ముగ్గురుంటారు. నడిమధ్యన తంబురా భుజానికెత్తుకుని, చేతివేళ్లకు అందెలు తొడుక్కుని కథ చెప్పే కథకుడు. ఆయనకు చెరోపక్క గుమ్మెటలు వాయిస్తూ ఇద్దరు వంతలు. ఆ ఇద్దరిలో ఒకరి పేరు హాస్యం, రెండోవారి పేరు రాజకీయం. హాస్యం పని నవ్వించడం. రాజకీయం పని కథకు అడ్డుపడి ప్రశ్న వేయడం, ఎప్పటిదో కథను ఇవాళ్టి ఊళ్లోకి తీసుకురావడం. ఒక పాత్రకు రాజకీయం అని ఏకంగా పేరే పెట్టి, ఆట మధ్యలో దానికి మాట్లాడే హక్కు ఇచ్చిన కళ మనది. అది మన తెలుగువాళ్ల గొప్ప అని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను.

ముప్ఫై ఏళ్లకు పైగా జిల్లా పరిషత్ హైస్కూళ్లలో సోషల్ చెప్పాను. దాదాపు ఏటా వార్షికోత్సవానికి పిల్లలతో ఏదో ఒకటి ఆడించాను. ఒక ఏడు ఎనిమిదో తరగతి ఆడపిల్లలు ముగ్గురిచేత అల్లూరి సీతారామరాజు బుర్రకథ చెప్పించాను. నెలరోజులు సాధన చేశారు. గుమ్మెటలు దొరక్కపోతే డప్పు వాయించే ఒక తాతగారు రెండు తెచ్చి ఇచ్చారు. ఆ రాత్రి ముందు వరసలో ఊరి పెద్దలు, మండలం నుంచి వచ్చిన అధికారులు కూర్చున్నారు. కథ పోలీసు స్టేషన్ల మీద దాడి దాకా వచ్చింది. రాజుగారు స్టేషను తలుపులు తోసుకుని లోపలికి ఉరికాడు అని కథకురాలు చెప్పింది. అక్కడ రాజకీయం వేసిన పిల్ల 'ఆహా' అని ఊరుకోవాలి. ఊరుకోలేదు. గుమ్మెట మీద చెయ్యి ఆపి, 'అక్కా, ఆ స్టేషనుకి తలుపైనా ఉంది. మన బళ్లో ఆడపిల్లల మరుగుదొడ్డికి తలుపే లేదు కదా, మనం ఏం తోసుకుని పోవాలి?' అంది.

వెనక కూర్చున్న ఆడపిల్లలు ఒక్కసారిగా చప్పట్లు కొట్టారు. ముందు వరస మాత్రం బిగుసుకుపోయింది. హెడ్మాస్టరు గారు నా వైపు చూశారు. నేను తెర పక్కనుంచి ఆ పిల్లకు కళ్లతోనే 'చాలు' అని సైగ చేశాను. ఆట అయ్యాక చాటుకు పిలిచి, 'అతిథుల ముందు రాజకీయాలు మాట్లాడతావా?' అని కోప్పడ్డాను. ఆ పిల్ల భయపడుతూనే, 'టీచర్, నా వేషం పేరే రాజకీయం కదా' అంది.

నేను జవాబు చెప్పలేదు. ఇన్నేళ్లయినా ఆ మాట నన్ను వదల్లేదు. ఇవాళ అమెరికా హైస్కూళ్లలో పిల్లలు ఆడుతున్న పాటల నాటకాల గురించి మాట్లాడదామని వచ్చాను. అక్కడి పిల్లలు తమ బతుకునూ తమ దేశ రాజకీయాన్నీ వేదిక మీద పాడినప్పుడు ఏమయింది, చూసిన పిల్లలు ఏమన్నారు అన్నది నా విషయం. కాని నా మనసులో ఉన్నది ఆ ఎనిమిదో తరగతి పిల్లే. ముందే చెప్పేస్తే మంచిదని చెప్పాను.

అక్కడ హైస్కూలు నాటకం అంటే మన వార్షికోత్సవంలా ఒక సాయంత్రం ముచ్చట కాదు. మా అమ్మాయి దగ్గరికి న్యూజెర్సీ వెళ్లినప్పుడు మనవడి స్కూల్లో ఒకటి చూశాను. వాళ్లు దాన్ని మ్యూజికల్ అంటారు. మాట, పాట, ఆట మూడూ కలిసి నడిచే నాటకం. మన పద్యనాటకానికి దూరపు చుట్టం అనుకోవచ్చు. వేషాలకు ముందుగా పోటీ పెడతారు. రెండు మూడు నెలలు బడి వదిలాక రోజూ రిహార్సలు. వేదిక కింద వయొలిన్లు, బూరలు, డ్రమ్ములు పట్టుకుని వాయించేవాళ్లు పిల్లలే. చెక్కలు కోసి మేకులు కొట్టి ఇళ్లూ మెట్లూ తయారుచేసేవాళ్లు పిల్లలే. మా మనవడు పాడలేదు, ఆడలేదు. నల్లచొక్కా వేసుకుని చీకట్లో బల్లలు జరిపాడు. ఇంటికొచ్చాక వాడి మోకాలు చెక్కుకుపోయి ఉంటే పసుపు పెట్టాను. 'అమ్మమ్మా, నేను కనబడలేదు కదా?' అని అడిగాడు. కనబడలేదురా అంటే పొంగిపోయాడు.

అలాంటి ఒక స్కూలు కథతో మొదలుపెడతాను. కాలిఫోర్నియాలో శాక్రమెంటో నగరం దగ్గర గ్రానైట్ బే అనే ఊరుంది. కలిగినవాళ్ల ఊరు, మంచి పేరున్న హైస్కూలు. అక్కడ నాటకం చెప్పే కైల్ హోమ్స్, సంగీతం చూసే డేవిడ్ టేలర్ గోమెస్ కలిసి 2019లో కొత్త మ్యూజికల్ ఒకటి తయారుచేశారు. పేరు 'ర్యాంక్డ్'. అంటే ర్యాంకు వేయబడినవాళ్లు. ఎక్కడినుంచో కథ తెచ్చుకోలేదు వాళ్లు. తమ పిల్లలనే కూర్చోబెట్టి మీకు ఏం బరువుగా ఉంది, రాత్రిళ్లు నిద్ర ఎందుకు పట్టడంలేదు అని అడిగారు. పిల్లలు చెప్పినదాంట్లోంచి నాటకం పుట్టింది.

కథ రానున్న కాలంలో ఎక్కడో జరుగుతుంది. ఆ లోకంలో ప్రతి విద్యార్థికీ ఒక అంకె ఉంటుంది. ఆ అంకె అందరికీ కనబడుతూ ఉంటుంది. క్లాసులో ఎవరు ఎక్కడ కూర్చోవాలో అంకె చెబుతుంది. రేపు ఏ ఉద్యోగం చేయాలో, ఎలా బతకాలో అంకే చెబుతుంది. పైన ఉన్నవాడు కిందివాడితో స్నేహం చేస్తే నష్టం. తల్లిదండ్రులు పిల్లలకు తెలియకుండా డబ్బు కట్టి అంకె పెంచుకునే వ్యవహారం కూడా అందులో ఉంది.

ఇది రాసి, పిల్లలు రిహార్సళ్లు చేస్తుండగా, ఆ మార్చి 12న అమెరికా అంతటా ఒక వార్త గుప్పుమంది. సినిమా తారలు, వ్యాపారస్థులు తమ పిల్లలకు పెద్ద యూనివర్సిటీల్లో సీట్లకోసం ఒక దళారికి లక్షల డాలర్లు ఇచ్చారని, పరీక్షల్లో మోసాలు చేయించారని, ఆడని ఆటల్లో క్రీడాకారులుగా చూపించారని ఫెడరల్ ప్రభుత్వం 50 మంది మీద కేసులు పెట్టింది. వేదిక కోసం ఊహించి రాసుకున్న ఘట్టం మర్నాడు పొద్దున పత్రికలో అచ్చయినట్టు అయింది. కొన్ని వారాల తర్వాత నాటకం ఆడినప్పుడు అది ఒక స్కూలు పిల్లల ఆటగా మిగల్లేదు. దేశంలో చాలాచోట్ల పత్రికలవాళ్లు, టీవీలవాళ్లు దాని గురించి చెప్పుకున్నారు.

నన్ను ఆపింది ఆ హడావిడి కాదు. నాటకం చూసి పిల్లలు అన్న మాట. పాట బాగుంది, ఫలానా వాడు బాగా ఆడాడు అనే మాటల్ని దాటి, ఇది మా కథే అన్నారు. పోయినవారం మా ఇంట్లో జరిగింది ఇదే అన్నారు. ఆడిన పిల్లల్లో కొందరు వేదిక మీద తమ పాత్ర నోట అన్నాకే ఇంట్లో అమ్మానాన్నలతో ఈ ర్యాంకుల బరువు సంగతి కదపగలిగారు. తల్లిదండ్రులు కూడా అవే కుర్చీల్లో కూర్చుని చూశారు కదా. మా పిల్ల ఇంత మోస్తోందా అని అప్పుడు తెలిసినవాళ్లున్నారు. ఏళ్ల తరబడి అన్నం బల్ల దగ్గర రాని మాట, పాట రూపంలో ఒక్క ఆటలో బయటపడింది.

ఇది రాజకీయమా అని మీరు అడగవచ్చు. నా మట్టుకు నాకు ఇదే అసలు రాజకీయం. పదిహేనేళ్ల పిల్లకు పార్లమెంటు దూరం, ఓటు దూరం. కాని తన క్లాసులో ముందు బెంచీ ఎవరిది, వెనక బెంచీ ఎవరిది, అది ఎవరు నిర్ణయించారు, డబ్బున్నవాళ్లు ఆ నిర్ణయాన్ని కొనుక్కోగలరా అన్నది రోజూ కళ్లెదుట ఉన్న సంగతి. ప్రభుత్వం అంటే ఏమిటో, న్యాయం అంటే ఏమిటో పిల్లలు మొట్టమొదట నేర్చుకునేది తరగతి గదిలోనే. నేను పుస్తకంలోంచి చెప్పిన పౌరశాస్త్రం కంటే, నేను పిల్లల్ని కూర్చోబెట్టిన వరసలు వాళ్లకు ఎక్కువ నేర్పి ఉంటాయి. ఆ సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది.

ఆ నాటకం ఆ ఊళ్లో ఆగిపోలేదు. వేరే రాష్ట్రాల స్కూళ్లు అడిగి తీసుకున్నాయి. కరోనా రోజుల్లో ఎవరి ఇంట్లో వాళ్లుండి, కంప్యూటరు తెరల మీద కూడా ఆడారు. దాని మీద 2022లో హెచ్‌బీవో టీవీ వాళ్లు ఒక డాక్యుమెంటరీ సినిమా ప్రసారం చేశారు. అందులో కాలిఫోర్నియాలోని కుపర్టినో ఉంది, వెస్ట్ వర్జీనియాలోని రిప్లే అనే చిన్న ఊరుంది, న్యూయార్కులో బ్రాంక్స్ పేటలోని స్కూలుంది. కుపర్టినో అంటే ఆపిల్ కంపెనీ ప్రధాన కార్యాలయం ఉన్న ఊరు. మన తెలుగు కుటుంబాలు కూడా కాపురాలుంటున్న చోటు. అక్కడి పిల్లలకు ర్యాంకు అనే మాట ఎవరూ విప్పి చెప్పక్కర్లేదు. రిప్లే పిల్లల బాధ వేరు. ఎంత పెద్ద కాలేజీ అన్నది తర్వాత, అసలు కాలేజీకి వెళ్లడానికి డబ్బెక్కడిది అన్నది ముందు. ఒకే నాటకం, అవే పాటలు. కాని ఊరు మారితే పిల్లలు వేసే ప్రశ్న మారిపోతోంది. వంత పాడేవాడు ఏ ఊళ్లో నిలబడితే ఆ ఊరి సంగతి ఎత్తుకున్నట్టు.

ఆ 2019 వసంతంలోనే ఇక్కడ ఏం జరిగిందో చెప్పకుండా ముందుకు పోలేను. ఏప్రిల్ 18న తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితాలు వచ్చాయి. తొమ్మిది లక్షలకు పైగా పిల్లలు రాస్తే, మూడు లక్షల మందికి పైగా తప్పారు. ఫలితాల్లో పొరపాట్లు బయటపడ్డాయి. పరీక్ష రాసినవాళ్లకు రాయలేదని వచ్చింది, మంచి మార్కులు వచ్చే పిల్లలకు సున్నాలు వచ్చాయి. ప్రభుత్వం ముగ్గురు సభ్యుల కమిటీ వేసింది. తప్పినవాళ్లందరి జవాబు పత్రాలూ ఉచితంగా మళ్లీ చూస్తామంది. ఈలోగా ఇరవైమందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. గ్రానైట్ బే పిల్లలు అంకె కోసం బతకడం ఎంత ఘోరమో వేదిక మీద పాడుతున్న రోజుల్లో, మన పిల్లలు అదే అంకె కోసం చనిపోయారు. ఆ పిల్లల్లో ఒక్కరు ముందుగా ఎక్కడైనా గట్టిగా నాకు భయంగా ఉంది అని అనగలిగి ఉంటే, విన్నవాళ్లుంటే అని ఇప్పటికీ అనుకుంటాను. వింటున్న పిల్లలెవరైనా ఉంటే ఒక మాట. మీకు భయంగా ఉంటే ఇవాళే, ఎవరో ఒకరితో నోరు తెరిచి చెప్పండి. అమ్మ వినకపోతే అత్తకు, అత్త వినకపోతే టీచరుకు చెప్పండి.

ఇక రెండో కథ. ఇది న్యూయార్కుది. అమెరికా పది డాలర్ల నోటు మీద ఒకాయన బొమ్మ ఉంటుంది. అలెగ్జాండర్ హామిల్టన్. ఎక్కడో కరీబియన్ దీవుల్లో పుట్టి, తల్లిని పోగొట్టుకుని, చదువుకోసం వలస వచ్చి, స్వాతంత్ర్య యుద్ధంలో సేనాధిపతి జార్జి వాషింగ్టన్ పక్కన నిలబడి, ఆ దేశానికి మొదటి ఆర్థికమంత్రి అయినవాడు. ఆయన జీవితాన్ని లిన్ మాన్యుయెల్ మిరాండా పాటల నాటకంగా రాశాడు. తానే ఆ వేషం వేశాడు. 2015లో న్యూయార్కు పెద్ద నాటకశాలలుండే బ్రాడ్వేకు వచ్చిన ఆ నాటకం, 'హామిల్టన్', మరుసటి ఏడాదే పులిట్జర్ బహుమతి, బ్రాడ్వే నాటకాలకిచ్చే టోనీ అవార్డులు 11 తీసుకుంది. దేశం కట్టిన తెల్లవాళ్ల వేషాలను నల్లవాళ్లు, లాటిన్ అమెరికా మూలాలవాళ్లు వేసి, ఇవాళ్టి కుర్రకారు పాడే ర్యాప్ పద్ధతిలో పాడారు. మిరాండా కూడా హైస్కూల్లో ఉండగానే చిన్న చిన్న మ్యూజికల్స్ రాసి తోటి పిల్లలచేత ఆడించినవాడు. అది మరిచిపోకండి.

ఆ రోజుల్లో ఆ నాటకానికి టికెట్టు వందల డాలర్లు. పేద పిల్లలు వీధిలోంచి బోర్డు చూడాల్సిందే. దానికి ఒక దారి కనిపెట్టారు. రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్, గిల్డర్ లేర్మన్ అనే చరిత్ర అధ్యయన సంస్థ, నాటకం వాళ్లు కలిసి, న్యూయార్కు ప్రభుత్వ బడుల్లో 11వ తరగతి చదివే 20,000 మంది పిల్లలకు ఆ నాటకం చూపించాలని పెట్టుకున్నారు. ఎక్కువమంది పేద పిల్లలు చదివే బడులను ఎంచారు. పిల్లవాడు కట్టింది పది డాలర్లు. అంటే ఒక్క హామిల్టన్ నోటు. మిగతా డబ్బు దాతలది. 2016 ఏప్రిల్లో మొదటి బ్యాచి పిల్లలు రిచర్డ్ రాడ్జర్స్ థియేటర్లో అడుగుపెట్టారు.

ఇక్కడొక షరతు పెట్టారు. ఈ ఏర్పాటంతా నాకు నచ్చింది ఆ షరతు వల్లే. నాటకం చూడాలంటే ముందు పిల్లలు తమ సొంతది ఒకటి తయారుచేయాలి. కొన్ని వారాలు తరగతిలో ఆ కాలంనాటి ఉత్తరాలు, కరపత్రాలు, ప్రకటనలు చదవాలి. అందులోంచి ఒక మనిషినో, ఒక సంఘటననో పట్టుకుని పాట కట్టాలి, పద్యం రాయాలి, లేదా ఒక రంగం ఆడాలి. బడికొకటి చొప్పున ఎంచుకున్నవి, నాటకం రోజు పొద్దున, అదే వేదిక మీద, ఆ పెద్ద నటులు ఆడే చెక్కల మీదే పిల్లలు ప్రదర్శించారు. చూసేవాళ్లు వేరే బడుల పిల్లలు. తర్వాత నటులు వచ్చి కూర్చుని పిల్లల ప్రశ్నలకు జవాబులిచ్చారు. మధ్యాహ్నం అసలు నాటకం.

ఒక్కసారి ఊహించండి. ఇంట్లో ఇద్దరు తమ్ముళ్లతో ఒక గది పంచుకునే పిల్ల, సబ్‌వే రైలెక్కి వచ్చి, 1,300 కుర్చీల హాల్లో, మైకు ముందు నిలబడింది. చేతిలో తను రాసుకున్న కాగితం. చెయ్యి వణుకుతోంది. పిల్లల్లో ఎవరో గట్టిగా ఈల వేశారు. తర్వాత హాలు నిశ్శబ్దమైంది. రెండు నిమిషాలు ఆమెవి.

ఆ పిల్లల ముందు పెట్టిన పేర్లలో నాకు బాగా నచ్చినవి రెండున్నాయి. ఒకటి ఫిలిస్ వీట్లీ. పశ్చిమ ఆఫ్రికా నుంచి ఏడెనిమిదేళ్ల వయసులో ఓడలో తెచ్చి, 1761లో బోస్టన్లో అమ్మేసిన పిల్ల. ఆమెను కొన్న కుటుంబం చదువు చెప్పింది. పదమూడు పద్నాలుగేళ్లకే ఆమె పద్యం పత్రికలో అచ్చయింది. 1773లో లండన్లో పుస్తకం వచ్చింది. అప్పటికి ఆమె ఇంకా బానిసే. రెండో పేరు అబిగెయిల్ ఆడమ్స్. కొత్త దేశానికి చట్టాలు రాయబోతున్న భర్తకు, ఆడవాళ్లను మరిచిపోవద్దని 1776లో ఉత్తరం రాసింది. భర్త దాన్ని నవ్వుతాలుగా కొట్టిపారేశాడు. ఆ దేశంలో ఆడవాళ్లకు ఓటు రాజ్యాంగంలోకి ఎక్కడానికి 1920 దాకా పట్టింది.

పెద్ద నాటకంలో వీట్లీ లేదు, అబిగెయిల్ కూడా వేషమై రాదు. బానిసత్వాన్ని పైపైన తడిమి వదిలేసిందని ఆ నాటకాన్ని కొందరు చరిత్రకారులు గట్టిగానే విమర్శించారు. ఆ విమర్శలో నిజముంది. అయితే ఆ పొద్దుటి పూట, తమకు పాఠంగా ఇచ్చిన కాగితాల్లోంచి వీళ్లను బయటికి లాగి, వేదిక ఎక్కించి, వీళ్లేరీ అని అడగడానికి పిల్లలకు చోటు దొరికింది. మధ్యాహ్నం కథకుడు చెప్పబోయే కథకు, పొద్దుటే వంత లేచి ప్రశ్న వేసింది. చప్పట్లు కొట్టడం, ఏడవడం, నటుడితో ఫోటో దిగడం కూడా స్పందనలే, కాదనను. కాని తానూ ఒకటి కట్టి పాడితేనే ఆ పిల్ల చూసిన నాటకం ఆమె సొంతమవుతుంది. ఆ పద్ధతి తర్వాత వేరే నగరాలకు వెళ్లింది, వేలమంది పిల్లలకు అందింది.

మూడో కథ చెప్పడం కష్టం. క్లుప్తంగా చెబుతాను.

ఫ్లోరిడాలో పార్క్‌లాండ్ అనే ఊళ్లో మార్జరీ స్టోన్‌మన్ డగ్లస్ హైస్కూలు. 2018 ఫిబ్రవరి 14. నాటకం క్లాసు పిల్లలు చిన్నపిల్లల కోసం ఒక మ్యూజికల్ సాధన చేస్తున్నారు. వైకింగులనే పాతకాలపు సముద్ర యోధుల కథ, అల్లరి కథ. అంతలో బడిలోకి తుపాకీతో ఒకడు వచ్చాడు. నాటకం టీచరు మెలొడీ హెర్జ్‌ఫెల్డ్ 65 మంది పిల్లలను సామాన్ల గదిలోకి తీసుకెళ్లి తలుపు వేసింది. దాదాపు రెండు గంటలు ఆ చీకటి గదిలో ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. బయట 17 మంది చనిపోయారు.

వారం తిరక్కుండా ఆ నాటకం పిల్లల్లో ఇద్దరు ఆడపిల్లలు ఒక పాట కట్టారు. తోటివాళ్లతో కలిసి, దేశమంతా చూస్తున్న టీవీ సభలో, సెనేటర్ల సమక్షంలో పాడారు. తుపాకుల చట్టం మార్చాలని ఉద్యమం మొదలుపెట్టిన విద్యార్థుల్లో నాటకం క్లాసు పిల్లలు ముందున్నారు. మార్చి 24న వాషింగ్టన్లో లక్షలమంది కదిలారు. అంతకు ముందే, మార్చి 9న ఫ్లోరిడా ప్రభుత్వం చట్టం చేసి, రైఫిళ్ల లాంటి పొడవాటి తుపాకులు కొనే వయసును 18 నుంచి 21కి పెంచింది. ఏళ్లుగా కదలని ఆ రాష్ట్రపు చట్టసభ మూడు వారాల్లో కదిలింది. జూన్లో టోనీ అవార్డుల వేదిక మీద ఆ పిల్లలు పాడారు. వాళ్ల టీచరుకు నాటక విద్యకిచ్చే గౌరవం అందింది.

పెద్దవాళ్లు కొందరు అప్పుడు ఒక మాటన్నారు. వీళ్లు నటులు, ఎవరో నేర్పిన డైలాగులు చెబుతున్నారు అని. ఆ మాట చదివినప్పుడు నా గుండె చివుక్కుమంది. స్పష్టంగా మాట్లాడటం, భయం వేసినా గొంతు నిలుపుకోవడం, ఒకరు ఆగిపోతే పక్కవాళ్లు అందుకోవడం నాటకం నేర్పేవే. అవి నేర్చుకున్న పిల్లలు కష్టం వచ్చినప్పుడు వాటిని వాడుకున్నారు. అందులో తప్పేముంది? ఇంకొక సంగతి, నాకు ఎంతో ముఖ్యమైంది, చెప్పాలి. ఆగిపోయిన ఆ చిన్నపిల్లల నాటకాన్ని వాళ్లు వదిలేయలేదు. అదే వసంతంలో మళ్లీ సాధన మొదలుపెట్టి, మాటిచ్చినట్టే ఊళ్లో చిన్నపిల్లలకు ఆడి చూపించారు. దాని మీద ఒక డాక్యుమెంటరీ వచ్చింది. దేశాన్ని కదిలించే పనీ, బుజ్జిపిల్లల్ని నవ్వించే పనీ రెండూ చేశారు.

పిల్లలకు రాజకీయాలెందుకమ్మా, చదువుకోనివ్వండి అనే పెద్దలు మన దగ్గరా ఉన్నారు. వాళ్ల భయం నాకు అర్థమవుతుంది. పార్టీ జెండాలు, కొట్లాటలు, కేసులు. ఆ భయం ఉత్తిది కాదు. పిల్లల్ని మీటింగులకు లారీల్లో ఎక్కించి, ఎండలో నిలబెట్టి, చేతికి జెండా ఇచ్చేది పెద్దవాళ్లే. దాన్ని నేను రాజకీయం అనను, కూలి అంటాను, అదీ కూలిడబ్బులు లేని కూలి. నేను అడిగేది వేరే. పిల్ల తన కళ్లతో చూసిన అన్యాయాన్ని తన నోటితో చెప్పనివ్వమంటున్నాను. పదో తరగతి పిల్లకు ఇంకో రెండు మూడేళ్లలో ఓటు వస్తుంది. మన రాజ్యాంగంలో ఓటు వయసు 21 నుంచి 18కి దించింది 61వ సవరణ. 1989 నుంచి అమల్లో ఉంది. పదిహేడు నిండితే ముందస్తుగా పేరు నమోదుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు కూడా. పదహారేళ్లు నోరు మూసుకోమని నేర్పి, పద్ధెనిమిదో ఏట ఒక్కసారిగా నువ్వే ఈ దేశానికి యజమానివి అంటే ఆ పిల్ల ఏం చేస్తుంది?

ఆటలో, పాటలో ప్రశ్న వేయడం మనకు కొత్తేమీ కాదు. 1943లో పుట్టిన ప్రజానాట్యమండలి పల్లెల్లో బుర్రకథలతో ఎన్ని ప్రశ్నలు వేయించిందో మా తల్లిదండ్రుల తరం చెబుతుండేది. షేక్ నాజర్ గారు తంబురా పట్టుకుంటే ఊళ్లకు ఊళ్లు తరలివచ్చేవి. సుంకర, వాసిరెడ్డి రాసిన 'మా భూమి' నాటకాన్ని సర్కారు నిషేధించేదాకా పోయింది. పాటంటే ప్రభుత్వాలకు భయం ఉన్న రోజులవి. ఇదే రేడియోలో న్యాయపతి రాఘవరావు గారు, కామేశ్వరి గారు, మనందరి రేడియో అన్నయ్య, అక్కయ్య, చిన్నపిల్లల్ని మైకు ముందు నిలబెట్టి వాళ్లచేతే నాటకాలాడించారు. మైకు అందకపోతే స్టూలు వేసి ఎక్కించేవారట. ఆ స్టూలు ఇప్పుడు మన బడుల్లో ఎవరు వేస్తున్నారు?

నేను చూస్తున్న వార్షికోత్సవాల్లో చాలావాటిలో సినిమా పాట పెట్టి, అద్దె బట్టలు వేయించి, డ్యాన్సు మాస్టారు నేర్పిన స్టెప్పులు వేయిస్తున్నారు. పిల్లలు ముద్దొస్తారు, తల్లిదండ్రులు ఫోన్లలో వీడియో తీసుకుంటారు. అది ఉండనివ్వండి, పిల్లల సరదా కాదనకూడదు. కాని ఆ మూడు గంటల్లో ఒక్క మాటైనా ఆ పిల్ల సొంత మాట ఉండటంలేదు. ఎన్ని లక్షలు ఖర్చయినా ఆ లోటు తీరదు. మా రోజుల్లో ఒక తంబురా, రెండు గుమ్మెటలు చాలాయి.

ఆ ఎనిమిదో తరగతి పిల్ల సంగతి అడుగుతారేమో. పది పాసయ్యాక వాళ్ల కుటుంబం పనుల కోసం వేరే ఊరు వెళ్లిపోయింది. మళ్లీ కనబడలేదు. ఆ మరుగుదొడ్డికి తలుపు మరుసటి విద్యా సంవత్సరంలో వచ్చింది. రేకు తలుపు, లోపల గడియ. ఆ గడియ చప్పుడు మొదటిసారి విన్నప్పుడు స్టాఫ్‌రూములో కూర్చుని ఉన్నాను. ఆ పిల్లను పిలిచి, నువ్వు అడిగింది సరైన ప్రశ్న అని చెప్పి ఉండాల్సింది. ఆ రోజూ చెప్పలేదు. ఇవాళ రేడియోలో చెబుతున్నాను. తల్లీ, నువ్వు ఎక్కడున్నా, నీ వేషం నువ్వు సరిగ్గానే వేశావు.

ఉపాధ్యాయ మిత్రులకు నా విన్నపం ఒకటే. ఈ ఏడు వార్షికోత్సవంలో పదిహేను నిమిషాలు మీ పిల్లలకు ఇవ్వండి. ఏం ఆడాలో వాళ్లనే రాసుకోమనండి. బస్సు రాని సంగతి కావచ్చు, ర్యాంకుల బోర్డు కావచ్చు, హాస్టల్ అన్నం కావచ్చు. తప్పులుంటే భాష దిద్దండి, ప్రశ్న దిద్దకండి. ఆట అయిపోగానే దీపాలు ఆర్పి అందరినీ ఇంటికి పంపేయకుండా, చూసిన పిల్లల్ని ఒక అరగంట ఉండమనండి. మీకేమనిపించింది అని అడిగి, ముందు వరసలో కూర్చున్న పెద్దలతో సహా అందరూ వినండి. నేను ఆ రోజు చేసినట్టు మాత్రం తెర పక్కనుంచి సైగ చేయకండి.